డ్యూటీ దిగని హవల్దారు

ఉదయం ఎనిమిదీ పది. ఆరా స్కూటర్ దిగేసరికి అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో గరిటె. గరిటె పొడిగా ఉంది. అంటే ఇంట్లో ఇంకా పొయ్యి వెలగలేదు, దాన్ని పట్టుకున్న సంగతి కూడా ఆమెకి గుర్తులేదు. ఈమాత్రం కనిపెట్టలేకపోతే డిటెక్టివ్ అని బోర్డు ఎందుకు, పీకి పొయ్యిలో పెట్టుకోవడానికి తప్ప!

"ఇప్పుడా రావడం?" అంది అక్క.

"ఏడూ యాభైకి ఫోన్ చేశావు. ఇరవై నిమిషాల్లో వచ్చాను."

"వారం కిందటే చెయ్యాల్సిందిరా. మీ బావ చెయ్యనిస్తేనా! బయటి డిటెక్టివ్‌ని పిలిచాడు. ఇంటివాడివైతే మొహమాటానికి పోతావట."

ఆరా అసలు పేరు ఏమిటో బ్యాంకువాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎక్కడికెళ్లినా ఆరా తీస్తాడు కాబట్టి ఆరా. చిన్నప్పుడు అక్క 'ఆరాటం' అని పిలిచేదనీ, పెద్దయ్యాక బట్టతలతోపాటు ఆ 'టం' కూడా రాలిపోయిందనీ అతనే చెప్పుకుని అతనే నవ్వుతాడు. ఇవాళ నవ్వలేదు. వరండాలో గోనెపట్టా మీద పడుకున్న హవల్దారుని చూశాక నవ్వు గొంతులోంచి వెనక్కి వెళ్లిపోయింది.

హవల్దారు పదకొండేళ్ల మగకుక్క. పోలీసు దళంలో ఎనిమిదేళ్లు వాసనలు పట్టాడు. మూడేళ్ల కిందట, శిక్షకుడిగా తనని పెంచిన బావతోపాటే బయటికొచ్చాడు. "మావాడు రిటైరయ్యాడే గానీ టైరవలేదు" అని బావ మీసం దువ్వేవాడు. ఇప్పుడు చూస్తే టైరూ ట్యూబూ గాలీ మూడూ పోయినట్టున్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అయినా ఆరా అడుగుల చప్పుడు వినగానే వెనక కాళ్లు కూడదీసుకుని లేచి, చెవులు నిక్కబొడిచి నిలబడ్డాడు.

"పడుకోరా నాయనా" అన్నాడు ఆరా. పడుకోలేదు.

ఏడేళ్ల కిందట ఒక కేసు కోసం వెళ్తే గోడౌన్ ఒకటి కేసుతో సహా ఆరా మీద కూలింది. గంటలోపే హవల్దారు వచ్చి ఆ గుట్టమీద ఒకేచోట కూర్చున్నాడు. మిషన్లొచ్చి, రాళ్లు తీసి, ఆరాని బయటికి లాగేసరికి పద్దెనిమిది గంటలు పట్టింది. లోపల చీకట్లో ఆరాకి వినబడింది ఒకే ఒక్క చప్పుడు: పైన ఎవరో ముక్కుతో బుస్సుబుస్సున ఊపిరి పీల్చడం. మధ్యలో గొలుసు పట్టి లాగినా వాడు కదల్లేదట. నీళ్లు పెట్టినా అక్కడే తాగాడట. అప్పటినించీ ఆరా ప్రతి పొద్దున్నా లేచి గాలి పీల్చుకున్నప్పుడల్లా, అందులో ఒక పీల్పు వాడి బాకీ అనుకుంటాడు.

"వచ్చారా! రండి రండి. అయితే కాస్త ఆలస్యమైంది, కేసు తేలిపోయింది" అని ఒక గొంతు.

ఆ గొంతు మీద కోటు ఉంది. ఎండ పేలిపోతున్నా కోటు విప్పని ఆ పోటీ డిటెక్టివ్‌ని వృత్తిలో అందరూ 'కోటు' అనే అంటారు. పక్కనే బావ, చేతులు వెనక్కి కట్టుకుని, సెలవు అడగడానికి వచ్చిన జవాన్లా నిలబడ్డాడు. మెట్ల మీద కింది మెట్టుకి అంటుకుపోయినట్టు కూర్చున్నవాడు మేడమీద అద్దెకుంటున్న బేకరీ పనివాడు. చేతులకింకా పిండి ఉంది. మొహం ఆ పిండికన్నా తెల్లగా ఉంది.

"నేరస్థుడు వీడే" అన్నాడు కోటు. "కారణం, రాత్రంతా బట్టీ దగ్గర పని, పగలు నిద్ర. పగలు కుక్క అరుస్తుంది. ఏణ్ణర్థం కిందట ఇంటాయనకి ఫిర్యాదు కూడా చేశాడు. ఆయుధం, వీడి సింకు కింద దొరికిన ఎలుకల మందు. అవకాశం, వారం రోజులుగా సాయంత్రం ఆరింటికి గిన్నె పట్టుకుని దొంగలా మెట్లు దిగడం. ఇక సాక్ష్యం..." కోటు వరండా గచ్చు మీదకి వేలు చూపించాడు. "రక్తం. ఎలుకల మందు తింటే రక్తం గడ్డకట్టదు, కారిపోతుంది. అందరికీ తెలిసిందే."

గచ్చు మీద నిజంగానే చుక్కలున్నాయి. పావలా బిళ్లంతవి, నాలుగు.

"ఇంకా ఉంది" అని కోటు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నిమ్మకాయంత మాంసం ఉండ. "పొద్దున ఏడున్నరకి గోనెపట్టా కింద దొరికింది. విషపుటుండ! ల్యాబుకి పంపుతున్నా. మూడు రోజుల్లో రిపోర్టు. అప్పటిదాకా కుక్కని ఎవరూ ముట్టుకోకూడదు, ఏ మందూ పొయ్యకూడదు. సాక్ష్యం చెడిపోతుంది."

"మూడు రోజులు!" అంది అక్క. "మూడు పూటలు ఉంటాడో లేదో..."

ఆరా గచ్చు మీద మోకాళ్లు వేశాడు. మోకాళ్లు 'కిర్రు' మన్నాయి. "హవల్దారూ, నీవి నావి ఒకే కంపెనీ కీళ్లురా" అని గొణిగి, చుక్కల్ని చూశాడు. నాలుగు చుక్కలూ వాడు పడుకునే చోటే, వెనక కాళ్ల మధ్య పడేచోటే ఉన్నాయి. నోటివైపు ఒక్కటీ లేదు. వాడి పెదవి పైకెత్తాడు. చిగుళ్లు పాలిపోయాయి గానీ నెత్తురు చార లేదు. ముందు కాలు తిప్పి చూశాడు. బొచ్చు గీసిన చోట చిన్న సూది గుర్తు.

"ఇదెప్పటిది?"

"నిన్న పొద్దున పదింటికి. డాక్టరమ్మ రక్తం తీసింది" అన్నాడు బావ.

"తర్వాత రక్తం కారిందా?"

"లేదు. దూది పెట్టి నొక్కింది. నిమిషంలో ఆగింది."

ఆరా కోటు వైపు తిరిగాడు. "విన్నారా? మీ ఎలుకల మందు చాలా మర్యాదస్తురాలండీ. సూది గుచ్చినచోట గడ్డకట్టనిచ్చి, కాళ్ల మధ్య మాత్రం కారుతుంది. ఒళ్లంతా పాకాల్సిన విషం ఒకేచోట కాపురం పెడుతుందా?"

"మాటల గారడీ!"

"గారడీ కాదు, గాయం చెప్పిన మాట. అక్కా, మొదటినించీ చెప్పు. రోజు, గంట."

అక్క గరిటెతో వేళ్లు లెక్కపెట్టింది. "మూడు వారాలైంది. ముందు నడక మారింది, వెనక కాళ్లు దగ్గరగా వేసి, గుడ్ల మీద నడిచినట్టు. వయసు అన్నాడు మీ బావ. తర్వాత పెరట్లో కూర్చుని ముక్కీ ముక్కీ లేచేవాడు. అదీ వయసే అన్నాడు. వారం నించి సాయంత్రమైతే తిండి ముట్టడు, వణుకుతాడు, పొద్దున్నకి మళ్లీ లేచి నిలబడతాడు. మూడుసార్లు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ముందు సోమవారం, మళ్లీ శుక్రవారం, నిన్న. మూడుసార్లూ పొద్దున పదింటికే. జ్వరం లేదంది. పొట్ట నొక్కితే నొప్పి లేదంది. స్కాన్ తీద్దామంటే మీ బావ..."

"మా వాడికి స్కానెందుకు?" బావ గొంతు పెరిగింది. "వాడు మనుషుల్ని స్కాన్ చేసినవాడు!"

ఆరా పెరట్లోకి నడిచాడు. రెండు నిమిషాల్లో ముక్కు మూసుకుని తిరిగొచ్చాడు. అపరాధ పరిశోధనలో అన్ని ఆధారాలూ పరిమళించవు.

"మలం రిబ్బన్‌లా ఉంది, చదునుగా" అన్నాడు. "లోపల ఏదో వాచి, దారిని పైనుంచో కిందనుంచో అదుముతోంది. విషం పేగుల్ని ఇస్త్రీ చెయ్యదు కోటుగారూ."

అప్పుడు మెట్టు మీదున్న బేకరీ ఆయన దగ్గర కూర్చున్నాడు. "అన్నా, గిన్నెలో ఏముంటుంది?"

"చన్నీళ్లండీ. గుడ్డ."

"ఎందుకు?"

"చెవులు కాలిపోతాయండీ వాడికి. సాయంత్రం డ్యూటీకి వెళ్తూ తలమీద చెయ్యేస్తాను రోజూ. పోయిన సోమవారం చెయ్యేస్తే నా బట్టీ తలుపు ముట్టుకున్నట్టైంది. ఇరవయ్యేళ్లుగా చేత్తోనే బట్టీ వేడి చూస్తున్నానండీ, నా చెయ్యి తప్పదు. సార్‌తో అంటే 'పొద్దున డాక్టరమ్మ చూసింది, జ్వరం లేదు' అని కసిరారు. అందుకని చెప్పకుండా గుడ్డ తడిపి చెవులకి చుట్టేవాణ్ణి."

"మరి ఫిర్యాదు?"

ఆయన తల దించుకున్నాడు. "చేశానండీ. చేసిన మూడోరోజే మా గ్యాసు గొట్టం లీకైంది. నేను నిద్రలో ఉన్నాను. వీడు మెట్లెక్కి తలుపు గీకి గీకి అరిచి లేపాడు. ఏ అరుపు మీద ఫిర్యాదు చేశానో, ఆ అరుపు లేకపోతే ఇవాళ ఈ మెట్టు మీద ఇలా కూర్చునేవాణ్ణి కాదు. నేనండీ, వీడికి విషం పెట్టేది?"

అక్క కొంగు కళ్లకి అద్దుకుంది. గరిటె కూడా అద్దుకుంది, చూసుకోలేదు.

"కథ బాగుంది" అన్నాడు కోటు. "మరి ఈ ఉండ? ఉండకి జవాబుందా?"

"అదే అడుగుతున్నా" అన్నాడు ఆరా. "హవల్దారు పరాయి చేతి తిండి ముట్టడు, దళంలో మొదటి పాఠం అదే. కాబట్టి విషం పెట్టదలిచినవాడు వీడికి ఉండలు చుట్టడం వృథా. అయినా ఉండ ఉంది. ఉండాల్సిన చోట లేకుండా గోనె కింద ఉంది. విప్పండి."

కోటు విప్పలేదు. ఆరా కవరు మీదనించే నొక్కాడు. మాంసం పగిలి, మధ్యలోంచి తెల్లటి మాత్ర సగం బయటపడింది.

"విషం!" అరిచాడు కోటు.

"కాదు" అన్నాడు బావ.

అందరూ అటు తిరిగారు. బావ చేతులు వెనకనించి ముందుకొచ్చి రెండు పక్కలా వేలాడాయి.

"అది నేను పెట్టిందే. కీళ్లనొప్పుల మాత్ర. దళంలో పెద్ద డాక్టరు ఎప్పుడో రాసిచ్చాడు. రోజూ పొద్దున ఏడింటికి ఉండలో పెట్టి ఇస్తాను. మాత్ర పడితే వాడు చక్కగా నడుస్తాడు. క్లినిక్‌కి కుంటుకుంటూ వెళ్తే బాగుండదు కదా. ఇవాళ తిన్నాడనుకున్నాను. బుగ్గన పెట్టుకుని దాచేశాడన్నమాట."

ఆరా ఆ తెల్లటి ముక్కని చూశాడు. ఏడు గంటలకి మాత్ర. పది గంటలకి డాక్టరమ్మ. సాయంత్రం ఆరు గంటలకి బట్టీ వేడి.

"బావా, నొప్పి మాత్ర జ్వరాన్ని కూడా దించుతుంది. మూడుసార్లూ నువ్వు జ్వరానికి ముసుగేసి డాక్టరమ్మ ముందు నిలబెట్టావు. సాయంత్రం ముసుగు జారగానే అది బయటికొచ్చేది, అప్పుడు చూసింది ఈ బేకరీ ఆయనొక్కడే. ఆయన్నేమో మెట్టు మీద కూర్చోబెట్టాం." లేచాడు. "ఇవాళ మాత్ర పడలేదు. టైమెంత? ఎనిమిదీ యాభై. పదండి."

"సాక్ష్యం కదలకూడదు!" కోటు అడ్డం నిలబడ్డాడు.

"కోటుగారూ, మీకు చేతులెత్తి దణ్ణం. వేళాకోళం కాదు. ఆ ఉండ మీరు వెతక్కపోతే నాకీ సంగతి తెలిసేది కాదు. నిజంగా రుణపడ్డాను. ఇప్పుడు తప్పుకోండి, లేదా మీ కారు ఇవ్వండి. నా స్కూటర్ మీద హవల్దారు పట్టడు."

కోటు తాళంచెవులు తీసి, తానే వెళ్లి వెనక తలుపు తెరిచాడు. సీటు మీద పరచడానికి ఏమీ దొరక్కపోతే, ఎవరూ ఎన్నడూ చూడని దృశ్యం, కోటు విప్పి పరిచాడు.

క్లినిక్‌లో తొమ్మిదీ ఇరవై. డాక్టరమ్మ థర్మామీటర్ తీసి చూసి, మళ్లీ పెట్టి, మళ్లీ చూసింది.

"నూట నాలుగున్నర దాటింది. నిన్న మామూలుగా ఉందే!"

ఆరా మాత్ర సంగతీ, ల్యాబు సంగతీ చెప్పాడు. ఆమె బావ వైపు చూసిన చూపుకి ఇంకెవరైనా అయితే కూర్చుండిపోయేవారు. "నిన్నటి రక్తంలో తెల్లకణాలు చాలా ఎక్కువున్నాయి. పళ్ల ఇన్ఫెక్షనేమో అనుకున్నాను. ఈ మాత్ర గురించి నాకొక్క ముక్క చెప్పాల్సింది సార్. ఏదీ, పొట్ట చూద్దాం."

బల్ల ఎక్కించగానే బావ అలవాటుగా మడమలు కలిపి, "హవల్దార్, అటెన్షన్!" అన్నాడు. కుక్క ఒళ్లంతా విల్లులా బిగిసింది. డాక్టరమ్మ నొక్కింది. చెక్కని నొక్కినట్టుంది. మూలుగు లేదు, కదలిక లేదు.

"చూశారా? మూడుసార్లూ ఇంతే. నొప్పి చూపించడు."

ఆరా బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కుక్క మొహం దగ్గర ఆగాడు. చెవులు నిక్కబొడిచి ఉన్నాయి, నోరు మూసి ఉంది. కంటి కొసలు మాత్రం సన్నగా అదురుతున్నాయి. ఒంట్లో అంత సలపరం ఉన్నా సలాం కొట్టడం మానని మొండిఘటం!

"బావా, వీడు నొప్పి లేక ఊరుకోవడం లేదు. డ్యూటీలో ఉన్నాడు కాబట్టి ఊరుకున్నాడు. పరేడ్ అయ్యాక ఏమంటారు మీరు?"

బావ వాడి మెడపట్టీ సరిచేశాడు.

"ఏమంటారు?"

"డిస్మిస్."

"వీడికి చివరిసారి ఎప్పుడు చెప్పావు?"

బావ గోడమీద క్యాలెండర్ వైపు చూశాడు, తేదీ అక్కడుందన్నట్టు. "రిటైర్మెంట్ పరేడ్‌లో వరసగా అందరూ తమ తమ కుక్కలకి చెప్పారు. నా వంతొచ్చింది. నా నోరు తిరగలేదురా. ఆ మాట అంటే వాడు నావాడు కాకుండా పోతాడేమో అనిపించింది. గొలుసు పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాను."

మూడేళ్లు. వరండాలో, పెరట్లో, గోనెపట్టా మీద, మూడేళ్లుగా వాడు డ్యూటీలోనే ఉన్నాడు.

"ఇప్పుడు చెప్పు బావా."

బావ వంగి వాడి చెవి దగ్గర నోరు పెట్టాడు. ఆ మాట గదిలో ఎవరికీ వినబడలేదు. వాడికి వినబడింది. ముందు చెవులు వాలాయి, తర్వాత భుజాలు, తర్వాత నడుము. పెద్ద నిట్టూర్పుతో బల్లమీద ఒరిగిపోయాడు. డాక్టరమ్మ పొట్ట కింది భాగంలో మెల్లగా వేళ్లుంచింది.

హవల్దారు ఏడ్చాడు. సన్నగా, కూనలా. పదకొండేళ్లలో వాడి గొంతులో ఆ చప్పుడు బావ ఎన్నడూ వినలేదు. గోడకి తిరిగి నిలబడ్డాడు.

స్కాన్ తెరమీద డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. "ఇది మూత్రాశయం. దీని వెనక, మగకుక్కలకుండే ప్రోస్టేట్ గ్రంథి. విత్తులు తీయించని మగకుక్కలకి వయసొచ్చేసరికి ఇది వాస్తుంది. అందులో క్రిములు చేరితే ఇదిగో ఇలా చీము గూడు కడుతుంది. పైనున్న పేగుని నొక్కడం, నడక మారడం, రక్తపు చుక్కలు, జ్వరం, అన్నీ ఈ ఒక్కదాని పనే. వయసు అని తోసెయ్యకండి సార్, వయసనేది జబ్బు పేరు కాదు."

చీమ కుట్టినంత బాధ కూడా పైకి చూపనివాడి పొట్టలో, కమలాపండంత చీము.

"నయమవుతుందా?" అంది అక్క.

డాక్టరమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. తెరమీద గూటి పక్కన సన్నటి నల్లటి చార. ఆమె చటుక్కున సహాయకుడి వైపు తిరిగింది. "సెలైన్ పెట్టండి, రెండు కాళ్లకీ! గూడు కారడం మొదలైంది. చీము పొట్టంతా పాకితే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇప్పుడే కొయ్యాలి. చీము తీసి, పొట్ట కడిగి, పేగుల మీదుండే కొవ్వు పొరని తెచ్చి ఆ గూట్లో కూరుతాను, మిగిలిన చెడుని లోపల్నించి అదే పీల్చుకుంటుంది. విత్తులూ తీసేస్తాను. తర్వాత ఆరు వారాలు మందులు."

"ఈ వయసులో మత్తు తట్టుకుంటాడా?" అడిగాడు బావ.

"చేస్తే సగం ఆశ. చెయ్యకపోతే ఆ సగం కూడా లేదు. మీ మూడురోజుల ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఉంటే..." ఆమె ముగించలేదు. కోటు, ఇప్పుడు ఒంటిమీద కోటు లేని కోటు, నేల చూపులు చూశాడు.

బావ కాగితం మీద సంతకం పెట్టాడు. తలుపు మూసుకుంది.

బయట బెంచీ మీద ఐదుగురికి చోటు లేదు. అక్క జరిగి, బేకరీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "మమ్మల్ని క్షమించు నాయనా. నీ తడిగుడ్డే వాణ్ణి ఇవాళ్టిదాకా తెచ్చింది" అంది. కోటు ఆయనకి టీ తెచ్చిచ్చి, "చెయ్యి చూపించండి" అని, పిండి అంటిన ఆ అరచేతిని భూతద్దంతో చూసినట్టు చూసి, "గొప్ప చెయ్యండీ" అన్నాడు. అంతకుమించిన క్షమాపణ అతని చేతకాదు.

ఒంటిగంటా ముప్పైకి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు దించింది.

"చీము మొత్తం తీశాం. కుట్లు పడ్డాయి. కానీ ఆ చీము విషం కాస్త రక్తంలో కలిసింది, బీపీ నిలవడం లేదు. ఊపిరి మధ్యమధ్యలో ఆగి అందుకుంటోంది. రేపు పొద్దున ఏడున్నర దాటితే మనవాడే. పక్కన ఎవరో ఒకరు కూర్చుని ఊపిరి చూస్తూ ఉండాలి. ఆగిందంటే ఆ క్షణమే నన్ను పిలవాలి."

బావ ఆరా చెయ్యి పట్టుకున్నాడు. "నేనే కదరా డిస్మిస్ చెప్పాను. పదకొండేళ్లు నా మాట తప్పనివాడు. ఇక నిలబడక్కర్లేదని... వెళ్లిపోతాడేమోరా!"

ఆరా గడియారం చూశాడు. ఒకటిన్నర నించి ఏడున్నరకి. వేళ్లమీద లెక్కపెట్టాడు, రెండోసారి లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. పద్దెనిమిది గంటలు.

బూట్లు విప్పి, బావని గుమ్మం దగ్గర నిలబెట్టి, లోపలికెళ్లి, హవల్దారు పక్కన చల్లటి గచ్చు మీద చతికిలబడ్డాడు. మోకాళ్లు మళ్లీ 'కిర్రు' మన్నాయి. వాడి ముక్కు దగ్గర చెవి ఆనించాడు. బుస్సు. చాలాసేపు ఏమీ లేదు. బుస్సు.

"వాడికి డిస్మిస్ చెప్పావు కదా బావా" అన్నాడు తల ఎత్తకుండా. "నాకెవరూ చెప్పలేదు."